‘పల్నాడు’ అని వెదికితే ‘పల్నాటి’ దొరకదు: డేటాబేస్‌లలో బయటి ఫంక్షన్ లైబ్రరీల వినియోగం – తెలుగు శాఖల బాధ్యత

వ్యాససంగ్రహం

తెలుగు గ్రంథాలు, ఊళ్ల పేర్లు, శాసనపాఠాలు డేటాబేస్‌లలోకి చేరుతున్న కాలమిది. డేటాబేస్ ఇంజిన్‌కు సహజంగా తెలియని తెలుగు పనులను బయటివారు రాసిన ఫంక్షన్ లైబ్రరీల చేత చేయించడం వాడుకలోకి వచ్చింది. ఏ రెండు రూపాలు ఒకే మాట, ఏ మాట ముందు, ఏ మాట వెనుక అన్న నిర్ణయాలు ఈ దారిలో తెలుగు పరిశోధకుల చేతి నుంచి జారిపోతున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. బయటి లైబ్రరీలను బహిష్కరించడమూ, గుడ్డిగా నమ్మడమూ రెండూ పొరపాటేనని పల్నాడు ఊళ్ల పేర్ల, వీరగాథా పాఠాల ఆధారంగా చూపి, నియమం తెలుగు శాఖది, అమలు లైబ్రరీది అనే విభజనను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, స్థలనామాలు, డేటాబేస్, ఫంక్షన్ లైబ్రరీ, అకారాది క్రమం, పాఠభేదం, ఔపవిభక్తికాలు

1. విషయప్రవేశం

ఒక పరిశోధక విద్యార్థి పల్నాటి వీరగాథకు సంబంధించిన పాఠాలన్నింటినీ ఒక డేటాబేస్‌లో చేర్చాడనుకుందాం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి ప్రకటించిన శ్రీనాథుని ద్విపద అందులో ఉంటుంది. జీన్ రోఘైర్ 1982లో ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో ఆంగ్లంలో వెలువరించిన మౌఖిక కథాపాఠపు వివరాలూ ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా మండలాల, గ్రామాల పేర్లూ ఉంటాయి. అంతా సిద్ధమైన తరువాత ‘పల్నాడు’ అని వెదికితే డేటాబేస్ ‘పల్నాటి వీరచరిత్ర’ను చూపదు. ‘పిడుగురాళ్ల’ అని అడిగితే ‘పిడుగురాళ్ళ’ అని రాసిన వరుసలను వదిలేస్తుంది. ‘గురజాల’ అని అడిగితే ద్విపదలోని ‘గురిజాల’ దానికి వేరే ఊరు.

ఇది యంత్రపు లోపం కాదు. రెండు అక్షరమాలికలు ఒకటేనా కాదా అని ఇంజిన్‌ను అడిగారు. కాదని అది నిజమే చెప్పింది. రెండు మాటలు ఒకటేనా అని అడగడానికి తెలుగు తెలిసి ఉండాలి. ఆ తెలివి ఇంజిన్‌కు బయటి నుంచి రావాలి. అది ఎవరి నుంచి వస్తున్నది, ఎవరు పరిశీలించి ఒప్పుకున్న తరువాత వస్తున్నది అన్నదే ఈ వ్యాసం చర్చించే ప్రశ్న.

తెలుగు శాఖలలో ఈ ప్రశ్నకు మూడు రకాల సమాధానాలు వినిపిస్తాయి. అది కంప్యూటరువాళ్ల పని అనేది మొదటిది. అందుకు బయట లైబ్రరీలు ఉన్నాయి, తెచ్చి తగిలిస్తే సరిపోతుందనేది రెండవది. బయటి సరుకు ప్రమాదం కనుక ఇంజిన్‌లో ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలనేది మూడవది. ఈ మూడింటినీ పూర్వపక్షాలుగా తీసుకొని పరిశీలించవలసి ఉంది. దానికి ముందు ఇంజిన్ స్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి.

2. ఇంజిన్‌కు తెలిసినదెంత?

డేటాబేస్ ఇంజిన్ సమాచారాన్ని పట్టికలలో దాచి, అడిగినప్పుడు వెదికి, వరుసపెట్టి ఇచ్చే ప్రోగ్రాం. కూడిక, తీసివేత, అక్షరాల లెక్క, తేదీల తేడా వంటి పనులకు దానిలోనే కొన్ని ఫంక్షన్లు ఉంటాయి. అవి చాలనప్పుడు, విడిగా తయారైన ఒక లైబ్రరీని దానికి జతచేసి, అందులోని ఫంక్షన్‌ను ఇంజిన్ తన సొంత ఫంక్షన్ లాగానే పిలిచేటట్టు చేయవచ్చు. ఫైర్‌బర్డ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ అనే నాలుగు ప్రసిద్ధ ఇంజిన్లలోనూ ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో ఉంది.

తెలుగు విషయంలో ఇంజిన్ చేతిలో మొదట ఉండేది యూనికోడ్ సంఖ్యలు మాత్రమే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్ నుంచే తెలుగుకు 128 స్థానాలు ఉన్నాయి. దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 వరకు. ఎస్‌క్యూలైట్ వంటి ఇంజిన్ వేరే ఆదేశం లేనప్పుడు ఆ సంఖ్యల వరుసనే అకారాది క్రమంగా తీసుకుంటుంది. చాలా మాటలకు ఇది సరిపోతుంది. అందుకే తప్పు త్వరగా బయటపడదు. సరిపోని చోట్లను గమనిస్తే చాలు. ళకారం సంఖ్య 3123. అది లకారానికీ (3122) వకారానికీ (3125) నడుమ పడుతుంది. బడిలో నేర్చిన వర్ణమాలలో దాని చోటు హకారం తరువాత. ఋకారం 3083 దగ్గర ఉంటే దాని దీర్ఘమైన ౠకారం 3168 దగ్గర, హల్లులన్నీ దాటిన తరువాత ఉంటుంది. దంత్య చకార జకారాలు (ౘ, ౙ) 2008లో యూనికోడ్‌లో చేరాయి. వాటి సంఖ్యలు 3160, 3161. కనుక దంత్య చకారంతో రాసిన మాట చకారపు మాటల పక్కకు రాదు, హకారపు మాటలను దాటి చివరకు పోతుంది. మాండలిక పదకోశాన్ని ఈ పద్ధతిలో వరుసపెడితే చదువరికి ఆ మాట ఎప్పటికీ దొరకదు.

ఇంకొక చిక్కు కంటికి కూడా కనిపించదు. ఐత్వపు గుర్తును ఒకే సంఖ్యగా (3144) దాచవచ్చు. ఎత్వపు గుర్తు (3142), దాని కింది ఐత్వపు గుర్తు (3158) అనే రెండు సంఖ్యలుగానూ దాచవచ్చు. యూనికోడ్ ప్రమాణం రెండూ సమానమేనంటుంది. సంఖ్యలను మాత్రమే పోల్చే ఇంజిన్ కాదంటుంది. నరసరావుపేట సమీపంలోని మైదవోలు పల్లవ శివస్కందవర్మ ప్రాకృత తామ్రశాసనం వల్ల చరిత్రకారులకు సుపరిచితమైన ఊరు. ఆ ఊరి పేరును ఇద్దరు రెండు సాధనాలతో ఎక్కిస్తే, తెర మీద ఒకే మాటగా కనిపిస్తూ డేటాబేస్‌లో రెండు ఊళ్లుగా మిగలవచ్చు. ‘సాగర్’ వంటి మాట చివర పొల్లు తరువాత కనిపించని విభాజక సంకేతం (8204) చేరినా ఇదే జరుగుతుంది.

3. మూడు సామ్యాలు

పై ఉదాహరణలన్నీ ఒక్క జాతివి కావు. వాటిని కలగాపులగం చేయడం వల్లనే చర్చ దారి తప్పుతున్నది. తెలుగు పాఠాలకు సంబంధించి మూడు సామ్యాలను వేరుచేసి చూడాలి.

మొదటిది సంకేతసామ్యం. ఒకే అక్షరాన్ని రెండు విధాల సంఖ్యలుగా దాచినప్పుడు ఆ రెండింటినీ ఒకటిగా గుర్తించడం. ఐత్వపు రెండు రూపాలు, కనిపించని విభాజకం ఈ కోవలోకి వస్తాయి. ఇందులో భాషాపండితుడు వాదించవలసింది ఏమీ లేదు. ప్రమాణం ఉంది, లైబ్రరీ దానిని పాటించాలి.

రెండవది లేఖనసామ్యం. ఒకే మాటను తెలుగువారు ఒకటికి మించిన వర్ణక్రమాలతో రాయడం. పిడుగురాళ్ల – పిడుగురాళ్ళ, ఎడ్లపాడు – యడ్లపాడు, మైదవోలు – మయిదవోలు, సత్తెనపల్లి – సత్తెనపల్లె, మాచర్ల – మాచెర్ల, బాలచంద్రుడు – బాలచంద్రుఁడు ఇటువంటివి. పల్నాడు – పల్నాటి వంటి ప్రాతిపదిక, విభక్త్యంగాల సంబంధాన్ని కూడా వెదుకులాట అవసరం కోసం ఇక్కడే చేర్చవచ్చు. వీటికి నియమాలున్నాయి. అయితే అవి వ్యాకరణం నుంచి, మాండలికాల నుంచి, ముద్రణ చరిత్ర నుంచి రావాలి.

మూడవది చారిత్రకసామ్యం. ద్విపదలోని కార్యమపూడి నేటి కారంపూడియేనా? ఒక శాసనంలోని ఊరు నేటి ఏ ఊరు? కథలో ‘నాయకురాలు’ అన్న ప్రతిచోటా నాగమ్మయేనా? వీటికి నియమం ఉండదు, ఆధారం ఉంటుంది. ఒక్కొక్క నిర్ణయానికి ఒక్కొక్క సాక్ష్యం, దానిని ఒప్పుకున్న పరిశోధకుని పేరు ఉండాలి.

ఈ విభజన నుంచి ఒక సూత్రం వెలువడుతుంది. మొదటి సామ్యాన్ని లైబ్రరీకి పూర్తిగా విడిచిపెట్టవచ్చు. రెండవదానిలో నియమాన్ని తెలుగు శాఖ రాయాలి, లైబ్రరీ అమలుచేయాలి. మూడవదానిని ఏ ఫంక్షన్‌కూ అప్పగించకూడదు.

4. మొదటి పూర్వపక్షం: ‘అది కంప్యూటరువాళ్ల పని’

ఈ వాదానికి పైకి వినయం కనిపిస్తుంది. నేర్చిన విద్యకు మించి మాట్లాడరాదన్న సంస్కారం అందులో ఉంది. అయితే ఇక్కడ అప్పగిస్తున్నది ఎవరి విద్య అన్నది చూడాలి.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా గుర్తించి చర్చించాడు. నాడు – నాటి, పాడు – పాటి, ఇల్లు – ఇంటి, ఊరు – ఊరి అన్న మార్పులు తెలుగు విద్యార్థికి కొత్తవి కావు. ‘పల్నాడు’ అని వెదికిన ఇంజిన్ ‘పల్నాటి’ని వదిలేస్తే అక్కడ కొరవడినది ఈ ప్రకరణమే. దీనిని ప్రోగ్రాం రాసేవారి మీదికి నెట్టితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మాట చివరి ‘టి’ని ‘డు’గా మార్చమని ఒక పంక్తి రాస్తారు. పల్నాటి, ఎడ్లపాటి సరిగ్గా వస్తాయి. ‘సాటి’ ‘సాడు’ అవుతుంది, ‘మేటి’ ‘మేడు’ అవుతుంది, ‘ఇంటి’ ‘ఇండు’ అవుతుంది. ‘ఏటి’ దగ్గర చిక్కు మరీ ఎక్కువ. ‘ఏటి ఒడ్డు’లోని ఏటికి మూలం ఏఱు, ‘ఏటి పంట’లోని ఏటికి మూలం ఏఁడు. కారంపూడి దగ్గర పారే నాగులేరు ‘నాగులేటి’గా కనిపించినప్పుడు దానిని సంవత్సరపు లెక్కలో వేసే ఫంక్షన్ పల్నాడు గురించి ఏం చెబుతుంది? ఇటు బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు వంటి మనుష్యనామాలలో డుకారం టి కాదు, ‘ని’ వస్తుంది. ఎక్కడ టి, ఎక్కడ ని అన్నది వ్యాకరణం చదివినవాడే చెప్పాలి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2024లో వెలువరించిన 17వ వెర్షన్‌లో పూర్తిపాఠ శోధన కోసం మాటల మూలరూపాలను పట్టే పద్ధతులు అనేక భాషలకు ఉన్నాయి. వాటిలో తమిళం ఉంది, హిందీ ఉంది, నేపాలీ ఉంది. తెలుగు లేదు. ఇంజిన్ తయారీదారులకు తెలుగు మీద చిన్నచూపు ఉందనడానికి ఇది సాక్ష్యం కాదు. ఆ జాబితాలోకి భాషలు ఎవరో ఒకరు నియమాలు రాసి ఇస్తే చేరుతాయి. తెలుగు పదాల నిర్మాణ విశ్లేషణ మీద హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రంలో గట్టి పని జరిగింది. ఆ పని ఫలితం సాహిత్య పరిశోధకుడు రోజూ వాడే డేటాబేస్‌కు చేరకపోవడానికి కారణం, అది తన పని కాదని సాహిత్య పరిశోధకుడు అనుకోవడమే.

5. రెండవ పూర్వపక్షం: ‘బయట లైబ్రరీ ఉంది, తగిలిస్తే చాలు’

ఈ వాదం చేసేవారు కనీసం పని మొదలుపెడతారు. ఆ మేరకు మెచ్చుకోవాలి. వారు మరచేది ఒక్కటే. ప్రతి ఫంక్షన్ వెనుక ఒక భాష గురించి ఎవరో చేసిన నిర్ణయాలు ఉంటాయి.

సౌండెక్స్ అనే పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. ఉచ్చారణ దగ్గరగా ఉన్న ఆంగ్లపు పేర్లను ఒకచోట చేర్చడానికి అమెరికాలో పుట్టిన పద్ధతి ఇది. 1918లో దానికి పేటెంటు లభించింది. మొదటి అక్షరాన్ని ఉంచి, తరువాతి అచ్చులన్నింటినీ వదిలి, హల్లులను కొన్ని అంకెలుగా కుదించడం దాని విధానం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో వచ్చే అనుబంధ లైబ్రరీలలో ఇదీ ఉంది. యూనికోడ్ పాఠాల మీద ఇది సరిగా పనిచేయదని ఆ ఇంజిన్ వివరణ గ్రంథమే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను తప్పించుకోవడానికి తెలుగు పేర్లను రోమన్ లిపిలోకి మార్చి ఈ ఫంక్షన్‌కు ఇవ్వడం ఒక అడ్డదారి. అలా చేస్తే పల్లె, పాలు, పులి, పోలు నాలుగింటికీ ఒకే సంకేతం వస్తుంది: పీ400. అచ్చుల హ్రస్వదీర్ఘాల మీద అర్థాలు నిలిచే భాషకు అచ్చులను పారేసే కొలబద్దను పెట్టడమంటే ఇదే. ఊళ్ల పేర్ల చివర ‘పల్లి’ ఎన్ని, ‘పాలెం’ ఎన్ని, ‘పాడు’ ఎన్ని అని లెక్కించి జనావాస చరిత్రను ఊహించే పరిశోధనకు ఇటువంటి సాధనం విషంతో సమానం. కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన వంటిది పల్నాడుకు చేయదలచినవారు మొదట గమనించవలసిన హెచ్చరిక ఇది.

రెండు మాటల నడుమ ఎన్ని సంకేతాలు మారాయో లెక్కించే దూరమాన ఫంక్షన్లదీ ఇదే కథ. గురజాల, గురిజాల నడుమ దూరం 1. రామాపురం, రాజాపురం నడుమ దూరమూ 1. మొదటి జంట ఒకే ఊరు, రెండవ జంట రెండు ఊళ్లు. పల్నాడు, పల్నాటి నడుమ దూరం 2. లెక్క ప్రకారం రామాపురానికి రాజాపురమే దగ్గర బంధువు, పల్నాడుకు పల్నాటి దూరపు చుట్టం!

అంతర్జాతీయ యూనికోడ్ సాధనాల లైబ్రరీ ఐసీయూ ఈ కోవలోది కాదు. అది ఎంతో శ్రద్ధతో రూపొందిన మంచి సాధనం. 2016 నుంచి యూనికోడ్ సంస్థే దానిని నిర్వహిస్తున్నది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2017లో 10వ వెర్షన్ నుంచి దానిని వాడుకోనిస్తున్నది. సంఖ్యలు వేరైనా సమానమైన మాటలను సమానంగానే చూసే పోలికలను 2019లో 12వ వెర్షన్ నుంచి అనుమతిస్తున్నది. సంకేతసామ్యానికి ఇది చాలావరకు సరిపోతుంది. అయినా అరసున్నను లెక్కలోకి తీసుకోవాలా, ఱకారాన్ని రకారంతో కలిపి వరుసపెట్టాలా లేక వర్ణమాల చివర విడిగా నిలపాలా, దంత్య చకారాన్ని చకారం పక్కన ఉంచాలా అన్నవి ఎంచుకోవలసిన విధానాలు. సామాన్య వాడుకకు ఒక ఎంపిక మేలైతే, ప్రాచీన గ్రంథాల పదసూచికకు మరొకటి మేలు. ఏరు అంటే ఎంచి తీయడం, ఏఱు అంటే నది. ఈ రెండింటినీ కలిపేస్తే నదుల మీద ఏర్పడిన ఊళ్ల పేర్ల చర్చకు మూలాధారమే పోతుంది. 2023 నాటి 16వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఐసీయూ వరుసకు సొంత నియమాలను చేర్చుకునే వీలు వచ్చింది. అంటే తలుపు తెరిచే ఉంది. ఆ నియమాలను రాసి ప్రకటించవలసినవారు తెలుగు శాఖలలోనే ఉన్నారు.

6. మూడవ పూర్వపక్షం: ‘బయటి సరుకు ప్రమాదం, అసలు వద్దు’

మూడు వాదాలలో గట్టిది ఇదే. దీనికి చరిత్ర బలం ఉంది.

2000లో బోర్లాండ్ సంస్థ ఇంటర్‌బేస్ మూలాన్ని బహిరంగపరచినప్పుడు దాని నుంచి ఫైర్‌బర్డ్ పుట్టింది. ఆ రోజుల్లో దానిలో సొంత ఫంక్షన్లు చాలా తక్కువ. చిన్న అక్షరమాలికా పనికి కూడా బయటి లైబ్రరీని ప్రకటించుకొని వాడడమే పద్ధతి. 2008లో 2.1 వెర్షన్‌తో అనేక ఫంక్షన్లు ఇంజిన్‌లోకే వచ్చాయి. 2021లో 4.0 వెర్షన్ పాత తరహా బయటి ఫంక్షన్లను కాలం చెల్లినవిగా ప్రకటించి, సహజస్థితిలో వాటి దారి మూసింది. కారణం స్పష్టం. ఆ లైబ్రరీ ఇంజిన్‌తో ఒకే ప్రక్రియలో నడుస్తుంది. దానిలో తప్పు జరిగితే సర్వర్ మొత్తం కూలవచ్చు. పైగా 32 బిట్ల కాలంలో తయారై, మూలం దొరకని లైబ్రరీని 64 బిట్ల సర్వర్ ఎక్కించుకోదు. 2005లో విండోస్ మీద నడిచే మైఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి, బలహీనమైన సంకేతపదాలను ఊహించి ప్రవేశించిన ఒక పురుగు ప్రోగ్రాం బయటి ఫంక్షన్ల దారినే వాడుకొన్నది. ఎస్‌క్యూలైట్‌లో బయటి లైబ్రరీలను ఎక్కించే వీలు సహజస్థితిలో మూసి ఉండడమూ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో యంత్రభాషలోకి మార్చిన ఫంక్షన్‌ను చేర్చే అధికారం ప్రధాన నిర్వాహకునికే ఉండడమూ ఇటువంటి అనుభవాల ఫలమే.

వీటన్నింటికంటె పరిశోధకునికి భయం పుట్టించవలసిన సంఘటన మరొకటి ఉంది. లినక్స్ వ్యవస్థలలో మాటల పోలిక నియమాలను అందించే జీలిబ్‌సీ లైబ్రరీ 2018 ఆగస్టులో 2.28 వెర్షన్‌గా వచ్చినప్పుడు వరుస నియమాలు పెద్దయెత్తున మారాయి. దాని మీద ఆధారపడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సూచికలు పాత వరుసలోనే కట్టి ఉన్నాయి. నిఘంటువు అచ్చయిన తరువాత అకారాది క్రమాన్ని మార్చితే చదువరి కొత్త క్రమంలో పుట తిప్పి, మాట లేదనుకుంటాడు. అచ్చంగా అదే జరిగింది. ఉన్న వరుసలు లేవని జవాబు వచ్చింది. ఒక్కసారే ఉండాలన్న విలువ రెండుసార్లు చేరే అవకాశం ఏర్పడింది. పట్టికలో అక్షరం మారలేదు, అడిగే ప్రశ్న మారలేదు. కింద ఉన్న లైబ్రరీ మారింది.

ఇంత చూసిన తరువాత బయటివి వద్దనడం సహజమే. కాని ఈ ఉదాహరణ ఆ వాదాన్నే తిప్పికొడుతుంది. జీలిబ్‌సీని ఎవరూ ‘బయటి సరుకు’ అని తెచ్చుకోలేదు. అది వ్యవస్థతోపాటు వచ్చింది. ఇంజిన్‌లో ఉన్నదానితోనే సరిపెట్టుకుంటున్నామని నమ్మినవారు కూడా తెలియకుండా బయటి లైబ్రరీ మీదనే ఆధారపడి ఉన్నారు. కనుక బయటి లైబ్రరీని వాడాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థం లేదు. తెలిసి వాడాలా, తెలియక వాడాలా అన్నదే ప్రశ్న.

మరొక మాట. వద్దనేవారు చూపే ప్రత్యామ్నాయం సాధారణంగా పాఠాన్నే ‘ప్రమాణీకరించడం’. అరసున్నలు తీసేసి, ఱకారాలను రకారాలుగా మార్చి, ‘గురిజాల’ను ‘గురజాల’గా దిద్ది, అప్పుడు డేటాబేస్‌లో ఎక్కిస్తే ఏ లైబ్రరీ అక్కరలేదంటారు. ఇంతకంటె పెద్ద నష్టం లేదు. లైబ్రరీ తప్పు చేస్తే దానిని తీసివేయవచ్చు. పాఠాన్ని దిద్దిన తరువాత పాఠభేదం తిరిగి రాదు. అను ఫాంట్ల కాలంలో కూర్చిన పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఇటువంటి దిద్దుబాట్లకు ఆశ మరింత ఎక్కువ. సౌకర్యం కోసం సాక్ష్యాన్ని చెరపడానికి పరిష్కరణ శాస్త్రం ఒప్పుకోదు.

7. ఆచరణకు ఐదు నియమాలు

పై చర్చ నుంచి తెలుగు శాఖలు పాటించదగిన ఐదు నియమాలు తేలుతున్నాయి.

మొదటిది, మూలపాఠం మూలపాఠంగానే ఉండాలి. ముద్రణలోనో తాళపత్రంలోనో ఉన్న రూపం ఒక గడిలో చెక్కుచెదరకుండా నిలవాలి. లైబ్రరీ తయారుచేసే శోధనరూపం పక్క గడిలో ఉండాలి. లైబ్రరీ రేపు లేకుండా పోయినా పాఠం పూర్తిగా చదువుకోవడానికి వీలుండాలి.

రెండవది, నియమాన్ని ముందు తెలుగులో రాయాలి. ‘ళ్ల, ళ్ళ వెదుకులాటలో సమానం’, ‘పదాదిని ఎ, య ఊళ్ల పేర్లలో సమానం’, ‘అరసున్న వెదుకులాటలో లెక్కకు రాదు, వరుసలో లెక్కకు వస్తుంది’ అన్న విధంగా, మినహాయింపులతో, ఉదాహరణలతో నియమావళి సిద్ధం కావాలి. అది పత్రికలో ప్రకటితమై, సమీక్షకు నిలబడి, ఆ తరువాతే ప్రోగ్రాంగా మారాలి. ప్రోగ్రాం రాసేవారికి వ్యాకరణం రాదని నిందించే హక్కు, నియమాన్ని రాసి ఇచ్చిన తరువాతే వస్తుంది.

మూడవది, మూలం బహిరంగంగా ఉన్న లైబ్రరీనే వాడాలి. లోపల ఏం జరుగుతున్నదో చదవడానికి వీలు లేని ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని సిద్ధాంతగ్రంథంలో ప్రమాణంగా చూపడం, ఎవరూ చూడని తాళపత్రం నుంచి పద్యం ఉదాహరించడంతో సమానం.

నాలుగవది, లైబ్రరీ పేరు, వెర్షన్, వాడిన నియమావళి పరిశోధన పద్ధతి అధ్యాయంలో నమోదు కావాలి. వెర్షన్ మారినప్పుడు దాని మీద కట్టిన సూచికలన్నింటినీ తిరిగి కట్టాలి; ముందు వచ్చిన లెక్కలను మరల సరిచూడాలి. ఏ ముద్రణను అనుసరించారో చెప్పకుండా పాఠాన్ని ఉదాహరించడం ఎంత దోషమో, ఏ వెర్షన్‌తో వెదికారో చెప్పకుండా సంఖ్యను ఉదాహరించడమూ అంతే దోషం.

ఐదవది, చారిత్రకసామ్యాన్ని ఫంక్షన్‌లో కాక పట్టికలో ఉంచాలి. కార్యమపూడి, కారంపూడి ఒకటేనన్న నిర్ణయం ఒక వరుస కావాలి. ఆ వరుసలో ఆధారం, నిర్ణయించినవారు, తేదీ, భిన్నాభిప్రాయం ఉంటే అదీ కనిపించాలి. ఫంక్షన్ లోపల దాగిన నిర్ణయాన్ని ఎవరూ ఖండించలేరు. ఖండనకు వీలులేనిది పరిశోధన అనిపించుకోదు.

ఈ నియమాలకు ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ. పని మొదలుపెట్టడానికి పల్నాడు తగిన పరిమాణం గల క్షేత్రం. ఇరవై ఎనిమిది మండలాలు, వాటి గ్రామాలు, ఒక ద్విపద కావ్యం, మౌఖిక పాఠాలు, నాగార్జునకొండ నుంచి మైదవోలు వరకు శాసనాలు ఉన్నాయి. ప్రాకృతం నుంచి నేటి మాండలికం వరకు తెలుగు నేల చూసిన లేఖనరూపాలన్నీ ఇక్కడ ఎదురవుతాయి. ఇక్కడ నిలబడిన నియమావళి ఇతర జిల్లాలకు విస్తరించడం కష్టం కాదు.

8. ముగింపు

ఈ చర్చ సాహిత్య పరిశోధనతో ఆగిపోయేది కాదు. భూముల అడంగళ్లు, ఓటర్ల జాబితాలు, విద్యార్థుల ధ్రువపత్రాలు అన్నీ నేడు డేటాబేస్‌లలోనే ఉన్నాయి. ‘వెంకటేశ్వర్లు’ అని ఒకచోట, ‘వేంకటేశ్వరులు’ అని మరొకచోట నమోదైన రైతుకు తెర మీద ‘వివరాలు లేవు’ అని వస్తే, ఆ జవాబు వెనుక ఉన్నది ఒక పోలిక ఫంక్షన్. ఆ ఫంక్షన్‌కు లేఖనసామ్య నియమాలు అందలేదు. ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం. సామ్యాన్ని మితిమీరి విస్తరిస్తే ఒకరి భూమి మరొకరి పేర కనిపిస్తుంది. ఎంతవరకు కలపాలి, ఎక్కడ ఆపాలి అని అధికారంతో చెప్పగలిగిన సంస్థ తెలుగు శాఖ తప్ప మరొకటి లేదు.

బయటి లైబ్రరీని రాసినవారు తెలుగుకు శత్రువులు కారు. తమకు తెలిసినంత మేరకు, తరచు ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, ఒక పని చేసి పెట్టారు. వారికి అందవలసిన నియమాలను అందించకుండా, వారి ఫలితాలను పరీక్షించకుండా, పరిశోధన పేరుతో వాటిని అచ్చువేయడమే దోషం. పీహెచ్.డి. సిద్ధాంతగ్రంథాలలో డేటాబేస్ ఆధారంగా ఇచ్చే ప్రతి లెక్కకు, ప్రతి పదసూచికకు అది అనుసరించిన సామ్య నియమావళిని జతపరచాలని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు నిర్ణయిస్తే, ఆ నియమావళులు కొద్ది సంవత్సరాలలోనే పోగుపడతాయి. వాటిని సరిపోల్చి, ఒక ఉమ్మడి నియమావళిగా కూర్చి, మూలంతో సహా లైబ్రరీగా విడుదల చేయవచ్చు. అప్పుడు ‘పల్నాడు’ అని వెదికినవారికి ‘పల్నాటి’ కూడా దొరుకుతుంది. అది ఏ నియమం ప్రకారం దొరికిందో కూడా తెలుస్తుంది.